పటం మూలన నా పేరు

మా బావకు నేనంటే పడదు. నాకు ఆయనంటే అసలే పడదు. అయినా అక్క మొగుడు కాబట్టి, వేధశాలలో ఉద్యోగం వేయించింది ఆయనే కాబట్టి, పదకొండేళ్ళు ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చున్నాం.

దూరదర్శినికి చిక్కిన ప్రతి నక్షత్రానికీ పట్టికలో ఒక వరుస ఉంటుంది. ఆకాశాన్ని గడులుగా కోసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, ఎక్కువున్నచోట నలుపు, తక్కువున్నచోట తెలుపు వేస్తే అది సాంద్రత పటం. గడులన్నీ ఒక్క కొలత కావు. ధ్రువం దగ్గరికి పోయేకొద్దీ నారింజ తొనల కొసల్లా సన్నబడతాయి, చిన్న గడిలో నక్షత్రాలూ తక్కువే పడతాయి. అందుకని వచ్చిన లెక్కను గడి వైశాల్యంతో భాగించాలి. ఆ భాగహారం మాత్రం బావ ఎవరి చేతికీ ఇవ్వడు. పట్టికలు శుభ్రం చేయడం, రెండుసార్లు వచ్చిన నక్షత్రాలను ఏరి పారేయడం నా వంతు. నెలల తరబడి నేను ఏరితే, ఆయన చివర్లో ఓ గంట కూర్చుని భాగించి, పటం మూలన తన పేరొక్కటే వేసుకునేవాడు. నా పేరూ వేయమంటే, బియ్యంలో రాళ్ళు ఏరినవాడు వంట నాదంటాడా అని గదంతా వినబడేలా అనేవాడు. ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడు ఆయన కంటికి ఆపరేషన్ అయింది. మసక నక్షత్రాల కొత్త పట్టిక వస్తే, పటం మొత్తం నేనే చేశాను. ధ్రువం చుట్టూ తెల్లగా ఖాళీ తేలింది. ఎవరూ చూడని ఖాళీ అని డైరెక్టరు పొంగిపోయి సభ పెట్టించాడు. బావ నల్లద్దాలతో వచ్చి, పటాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. కిమ్మనకుండా మూలన నా పేరు రాశాడు, నా ఒక్కడిదే. సిగ్గు లేకుండా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

సభలో ఒక ముసలి ప్రొఫెసరమ్మ లేచి, వైశాల్యంతో భాగించారా అని అడిగింది. నేను భాగించలేదు. తెలియక కాదు. పదకొండేళ్ళు చేతికి రాని పని, చేసేటప్పుడు గుర్తుకు రాలేదు. వెనక వరుసల్లో నవ్వారు.

మెట్ల దగ్గర బావను నిలదీశాను.

"మీరు చూడలేదా బావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"పదకొండేళ్ళు పేరు, పేరని నా ప్రాణం తీశావు. వేశాగా."

డైరెక్టరు ఆ పటాన్ని చెత్తబుట్టలో పడేస్తే, బావ తీసుకుపోయి, అద్దం కట్టించి, వాళ్ళింటి ముందు గదిలో తగిలించాడు. అక్కకు జరిగింది తెలియదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అది మా తమ్ముడు గీసిందని చూపిస్తుంది. నేనుంటే పిలిచి పక్కన నిలబెడుతుంది. బావ పేపరు లోంచి తల ఎత్తడు.