హెట్టీకి దొరికిన మాట

ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఒక పల్లెకు, అక్కడే జరిగే ఒక పాత విక్టోరియా కాలపు నవలను తెరకెక్కించడానికి ఎవరొచ్చినా, హెట్టీ ఓల్డ్‌రాయిడ్ గడ్డం కింద టోపీ నాడాలు ముడేసుకుని వేషం కోసం అందరికంటే ముందు నిలబడేది. మొదటి సినిమాలో అనాథపిల్ల, తర్వాత టీవీలో పనిమనిషి; ఎప్పుడూ గుంపులో ఒకతి. ఆ చింత ఆమెకు లేదు. డెబ్బయ్యో ఏట మాత్రం తెర మీద చెప్పడానికి ఒక మాట దొరికింది. వానలో వచ్చిన కథానాయికను సత్రం గుమ్మంలోంచే "చోటు లేదు, పో" అని తరిమేయాలి. తీరా నీళ్లోడుతున్న ఆ పిల్లను చూడగానే, "అయ్యో, లోపలికి రా తల్లీ!" అనేసింది.

"బామ్మా, నువ్వు రమ్మంటే నా సినిమా ఇక్కడే అయిపోతుంది!" అని దర్శకుడు తల పట్టుకున్నాడు.

"ఇన్నిసార్లు తీశారు, ఒక్కసారైనా ఆ పిల్లను లోపలికి రానిచ్చారా నాయనా?"

అందరూ నవ్వారు. రెండోసారి హెట్టీ కసిరి, ధడాలున తలుపు వేసింది. దర్శకుడు బాగుందనగానే తలుపు తీసి, వణుకుతున్న నటికి తన శాలువా కప్పి, "ఫ్లాస్కులో టీ ఉంది, రా" అంది.