గల్యార్దు మేసే పచ్చిక

మా కొండ ఊరు కోర్సాస్ వాళ్లను ఎవరైనా ఊళ్లో పెద్ద ఎవరని అడిగితే ముందు ఆంబోతు పేరు చెబుతాం, తర్వాతే సర్పంచి పేరు. ఇప్పటి ఆంబోతు గల్యార్దు. అది ఒక్కసారి ఊపిరి వదిలితే పక్క ఊళ్లో ఆరేసిన బట్టలు ఆరిపోతాయి. నాకు చదువు చెప్పిన కన్యాస్త్రీలు అబద్ధమాడొద్దన్నారు కనుక సవరించుకుంటాను, పక్క వీధివే ఆరతాయి.

దాన్ని సాకేది దియోలిందా. ఊరంతటికీ పిన్ని. ఆంబోతు ఊరుమ్మడి సొత్తు. ఒకప్పుడు చలికాలం ఇంటికో వంతున మేత వేసేవారు. ఇళ్లకు తాళాలు పడుతున్నకొద్దీ వంతులు తగ్గి, చివరకు అన్నీ ఆమె కొట్టంలోకే వచ్చి చేరాయి.

"మొగుడు పోయాడు, మోకాళ్లు పోయాయి, ఇంకా ఈ అచ్చోసిన ఆంబోతు ఎందుకు పిన్నీ?" అని ఒకడన్నాడు.

"అచ్చోసింది నిన్నురా. ఇది ఇంటి పట్టున ఉంటుంది" అంది.

ఊరి దిగువన కాలువ పక్క చదును నేలను ఆంబోతు పచ్చిక అంటాం. అదీ ఉమ్మడిదే. వేసవిలో అక్కడ కోసే ఎండుగడ్డితోనే గల్యార్దు చలికాలం గడుస్తుంది. మిగతా నేలంతా రాళ్లూ తుప్పలూ. ఆ పచ్చిక పోతే గల్యార్దు కసాయి లారీ ఎక్కాల్సిందే.

ఆ పచ్చికే కావాలంది ఒక కంపెనీ. ఆనకట్ట నుంచి వచ్చే కరెంటు తీగలు దాని పక్కనున్న సబ్‌స్టేషన్‌లో దిగుతాయి. కొండ మీద గాలిమరలు తిప్పిన కరెంటును లారీ పెట్టెలంతేసి బ్యాటరీల్లో దాచి, సాయంత్రం జనం పొయ్యిలు వెలిగించే వేళకు వదులుతారట. దానికి మునిసిపాలిటీ అనుమతి, అగ్నిమాపక శాఖ సమ్మతి, అన్నిటికీ మించి ఉమ్మడి నేల కనుక ఊరి సభలో చేతులెత్తడం, మూడూ కావాలి.

కాఫీ దుకాణం జెఫెరీను వ్యతిరేక సంఘానికి నాయకుడయ్యాడు. భార్య దుప్పటి మీద, ఇరుగుపొరుగు దుప్పట్ల మీద "బ్యాటరీలు వద్దు" అని ఎర్రరంగుతో రాసి వసారాలకు వేలాడదీశాడు. కోళ్లు గుడ్లు మానేస్తాయన్నాడు, పాలు విరుగుతాయన్నాడు. నిప్పంటుకుంటే రోజుల తరబడి ఆరదన్నాడు. ఆ చివరి మాటలో మాత్రం కొంత నిజముంది, దూరాన ఎక్కడో అలా జరిగిందని టీవీలో చూశాం. అందుకే అధికారులకు పంపిన అభ్యంతరంలో గట్టిగా రాశాడు: ఇక్కడ మంటలార్పడానికి చుక్క నీళ్లు లేవు.

"నువ్వూ సంతకం పెట్టు పిన్నీ, నిప్పు భయమని."

"నాకు నిప్పు భయం లేదు. నా ఆంబోతు ఏం తింటుందని రాయి, పెడతాను."

"దానికి నవ్వుతారు పిన్నీ."

"నవ్వనీ. నిజానికి నవ్వితే నాకేం నష్టం?"

జూన్‌లో తనిఖీకి వస్తామని కబురొచ్చింది. చిత్తడి నేలలో ఇలాంటివి కట్టనివ్వరని జెఫెరీను ఎక్కడో విన్నాడు. తెల్లవారితే తనిఖీ అనగా, పొద్దు వాలేవేళ కాలువ తలుపెత్తి నీళ్లన్నీ పచ్చికలోకి మళ్లించాడు.

పొద్దున కంపెనీ ఇంజనీరు మతిల్డా, అగ్నిమాపక అధికారి కారు దిగి రెండడుగులు వేశారో లేదో, అధికారి బూటు బురదలో ఉండిపోయి కాలు ఒక్కటే బయటికొచ్చింది. కోతకొచ్చిన గడ్డి నేలకు పడుకుంది. దియోలిందా గట్టున నిలబడి చూస్తోంది.

"చుక్క నీళ్లు లేవని రాసిందెవరు?" అన్నాడు అధికారి, మేజోడు పిండుకుంటూ.

జెఫెరీను ఆకాశం వైపు చూశాడు. "రాత్రి వానండీ."

"మా ఊళ్లో పడలేదే!"

"ఇక్కడ వాన మనిషిని చూసి పడుతుందండీ."

అధికారి కాలువ వెంట పైదాకా నడిచి నీటి ఊపు చూసుకున్నాడు. మంటలార్పడానికి నీళ్లకు కొదవ లేదనీ, ఫైరింజను తిరిగే దారి వేసి, మంటలార్పిన మురికినీళ్లు కాలువలో కలవకుండా గోడ కడితే చాలనీ చెప్పేశాడు. ఊరివాళ్ల అతిపెద్ద అభ్యంతరం అలా ఊరి నీళ్లలోనే కొట్టుకుపోయింది.

"నా గడ్డి పడుకోబెట్టావు, వాళ్ల పని నిలబెట్టావు. నీలాంటివాడు పగవాడి పక్షాన ఉన్నా బాగుండేదిరా" అంది దియోలిందా.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక సభ, ఎప్పటిలాగే ఊరుమ్మడి రొట్టెల పొయ్యి ఉన్న గదిలో. ఇంజనీరు పొగచూరిన గోడకు ఆనుకుని, "ఇళ్లకు ఇంకాస్త దూరంగా ఇంకెక్కడైనా చదును నేల ఉందా?" అని అడిగింది. అందరూ చెప్పులు చూసుకున్నారు. అందరి మనసులోనూ ఒకే చోటు మెదిలింది. ఆనకట్ట కట్టినప్పుడు కూలీల బస కోసం పరిచిన కాంక్రీటు మైదానం. ఆగస్టులో మేరీమాత పండుగకు అక్కడే మా ఆట, పాట, జెఫెరీను బీరు.

"పాత బస మైదానం ఉంది ఇంజనీరమ్మా" అంది దియోలిందా.

గది భగ్గుమంది. "మా అమ్మ అక్కడే నాన్నతో చిందేసింది!" అని ఒకరు, "ఆంబోతు కోసం పండుగ మానుకుంటామా?" అని ఇంకొకరు.

"అక్కడ గడ్డి మొలవదు. కాంక్రీటును గల్యార్దు తినదు. మీరు ఎక్కడైనా ఆడగలరు, అది ఎక్కడైనా మేయలేదు" అంది ఆమె. గొంతు పెంచలేదు.

తీగ పొడవు పెరిగి కంపెనీ సణుగుతుంది కానీ కుదురుతుందంది మతిల్డా.

జెఫెరీను గొంతు సవరించుకున్నాడు. "పిన్నీ, ఆగస్టుకు గడ్డి కోసేసి ఉంటుంది కదా. పండుగ మూడు రోజులూ పచ్చిక మాకిస్తావా?"

దియోలిందా ఆ నేల మీదికి పిల్లికూనను కూడా రానివ్వని మనిషి.

"మడమల చెప్పులు వేసుకు రాకూడదు. సీసా మూత ఒక్కటి కింద పడకూడదు. గల్యార్దు మింగితే చస్తుంది" అంది.

చేతులు లేచాయి. కొన్ని లేవలేదు. ఒక దుప్పటి ఇప్పటికీ వేలాడుతూనే ఉంది. జెఫెరీనుది కాదు, అతని భార్య తనది తాను ఉతుక్కుంది.

మరుసటి వేసవికి పాత మైదానంలో కంచె వేసి తెల్లపెట్టెలు దింపారు. గాలి లేని సాయంత్రం వాటి పంకాల రొద సన్నగా వినిపిస్తుంది. కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఆ ఆగస్టులో పచ్చిక గేటు దగ్గర దియోలిందా బుట్ట పట్టుకుని నిలబడితే, అమ్మాయిలు చెప్పులు అందులో వేసి వట్టికాళ్లతో ఆడారు. కొట్టంలోంచి గల్యార్దు రంకెలేసింది. అకార్డియన్ శ్రుతి తప్పింది దాని దెబ్బకేనని వాయించినవాడి వాదన.

పండుగ ముగిసిన పొద్దున నేను అటు వెళ్లేసరికి, కోసిన గడ్డి మోళ్ల మధ్య జెఫెరీను నడుం వంచి వెతుకుతున్నాడు. వెనకే దియోలిందా.

"అయిపోయాయి పిన్నీ, ఇంక ఒక్క మూత కూడా లేదు."

"నువ్వు అమ్మిన సీసాలెన్నో నీకు తెలుసు. వంగు."