పాగమా, పాకమా

నా చిన్నప్పుడు తమిళనాడు అంచున పొదటూరుపేటలోని మా ఇంట్లో సగం తెలుగు, సగం అరవం నడిచేది. ఏ మాట ఎటువైపుదో పెద్దవాళ్ళే పట్టించుకునేవారు కాదు, ఇక మాకేం తెలుస్తుంది? ఒక వేసవిలో మా తాతయ్య ఎవరితోనో “ఆదివారం పాగం పెడతా ఉండాము, వచ్చెయ్” అనడం నా చెవిన పడింది. అరవం కలిసిన నోట్లో భాగం కాస్తా పాగమవుతుందని నాకు తెలియదు. నాకు తెలిసింది పాకం, అదీ బెల్లం పాకం. ఇంకేముంది, ఇంట్లో పిల్లలందరికీ చాటింపు వేశాను.

తాతయ్య తన పొలాన్ని ఇద్దరు కొడుకులకు, అంటే పెదనాన్నకూ మా నాన్నకూ, పంచబోతున్నాడు. తిరుత్తణి నుంచి మా అత్త కూడా కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. భాగానికి కాదు, వంట సాయానికి. ఆడపిల్లకు నేలలో భాగమనే ఆలోచనే అప్పుడు ఎవరికీ లేదు. మామకు సొంతమంటూ ఏమీ లేదు, బాడిగ ఇల్లు, బాడిగ మగ్గం. ఆ ఏడాది పిల్లను బడి మానిపించి మగ్గం దగ్గర కూర్చోబెడతామని అత్త మా అమ్మతో చెబుతుంటే విన్నాను. అత్తకూతురంటే నాకు ప్రాణం. నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. మేము గిన్నెలు పట్టుకుని వరసగా వచ్చి నిలబడ్డాం.

“ఏమ్మే, గిన్నెలెత్తుకొని యాడికి?” అన్నాడు పెదనాన్న.

“పాకానికి!” అన్నాను.

అరుగంతా ఘొల్లుమంది. తాతయ్య అయితే కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, “సరే, పిల్లోళ్ళు చెప్పినట్టే కానీ. ముందు పాకం, తరవాత పాగం” అన్నాడు. మా జేజి, అంటే నాయనమ్మ, గొణుక్కుంటూనే పొయ్యి మీద బెల్లం పెట్టింది.

గరిటె తాతయ్యే పట్టాడు. పెదనాన్న కొడుక్కి గిన్నె నిండా పోశాడు, నాకూ పోశాడు. అత్తకూతురు గిన్నె చాపేసరికి గరిటె వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వు ఆడబిడ్డ బిడ్డవి గదా, నీకు లేదు.”

అది ఏడవలేదు. చాపిన గిన్నె చాపినట్టే నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇదేం న్యాయం తాతా? అదీ గిన్నె తెచ్చింది గదా!” అని అరిచి, నా పాకంలో సగం దాని గిన్నెలోకి వంపేశాను. మరి కొంత నా పావడా మీద పడింది.

తాతయ్య గరిటె పక్కన పెట్టి కొడుకుల వైపు తిరిగాడు. “పాకంలో అన్యాయమైంది, పాగంలో న్యాయమెట్లవతాది రా? మీరూ అల్లుడూ ఒకే మాదిరి కష్టపడతా ఉండారు. మీరు నా నేలలో పండించి పక్క కయ్య కొంటారు. ఆయన కష్టమంతా బాడిగలకే పోతాది. రేపు మీ బిడ్డలు యాడుంటారు, ఆ బిడ్డ యాడుంటాది?”

మా నాన్న అప్పుడే తలూపాడు. పెదనాన్న చాలాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి నా పావడా నాకుతున్న కుక్కపిల్లను చూసి నవ్వు ఆపుకోలేక, “కానీ నాయనా, మూడు పాగాలే పెట్టు” అన్నాడు. బావి పక్కనున్న పొలం కయ్య అత్తకు వచ్చింది. వంటింటి గుమ్మంలో అత్త ఏడుస్తూ నవ్వడం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తాతయ్య ముందే అనుకున్నాడో, మా గిన్నెలు చూశాకే అనుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ కయ్య పంటతోనే అత్తకూతురు చదువు సాగింది, టీచరమ్మ అయింది. నా అరవంలో తప్పులు దిద్దడం ఈనాటికీ మానలేదు.

మొన్న నా ఇల్లూ పొలమూ పంచేటప్పుడు ఆదివారం భాగం పెడుతున్నానని పిల్లలకూ మనవలకూ ఫోన్లో అరవంలోనే మెసేజ్ పెట్టాను, మనవలకు తెలుగు చదవడం రాదు కనుక. ఆ లిపిలో భాగం రాసినా పాకం రాసినా ఒకటే మాట. అందరికంటే ముందు నా కూతురి కూతురు గిన్నెతో దిగింది. నేను పొయ్యి మీద బెల్లం పెట్టే ఉంచాను. ఏది పంచాల్సి వచ్చినా నా కళ్ళు ముందు ఖాళీ గిన్నెనే వెతుక్కుంటాయి. మొదటి గరిటె దానికే పోశాను.