చౌడయ్య జరీ దండ

మా ఆయన చౌడయ్య ఒకరి మాట వినే రకం కాదు. మంగళగిరిలో మగ్గం మీద పెరిగిన మనిషి, ఇప్పుడు గవర్నర్‌పేట సందులో పటాలకు ఫ్రేములు కడతాడు. మగ్గం వదిలినా జరీని మాత్రం వదల్లేదు. ఏ దేవుడి పటం వచ్చినా జరీ పోగులతో సన్నటి దండ అల్లి, అద్దం లోపల పెట్టి బిగించి ఇస్తాడు. అడిగినా అడక్కపోయినా అంతే. దుర్గమ్మకైనా, గుణదల మేరీమాతకైనా అదే దండ. మనుషుల ఫోటోలకు మాత్రం వెయ్యడు. బతికున్నవాళ్ల ఫోటోకు దండ వేస్తే ఇంకేమైనా ఉందా!

మొన్న తెరేసమ్మ గారు హడావిడిగా వచ్చి రెండు పటాలిచ్చి వెళ్లారు. ఆవిడ కొత్త ఇంటిని దీవించడానికి ఫాదర్ గారు వస్తున్నారట, ఆ వేళకు రెండూ గోడ మీద ఉండాలట. ఒకటి మేరీమాత. రెండో దాంట్లో ఒక చిన్నపిల్ల. తెల్లటి గౌను, తల మీద తెల్లటి ముసుగు, చేతిలో కొవ్వొత్తి, జపమాల, పైకెత్తిన కళ్లు.

"ఎవరే ఈ తల్లి?" అన్నాడు మా ఆయన.

"నాకేం తెలుసు? ఆవిడకి ఒక్క ఫోన్ కొట్టి అడగరాదూ!"

"ఆ మొహంలో కళ చూడవే. వాళ్ల దేవతే. అడిగేదేముంది?" అని దండ అల్లడానికి కూర్చున్నాడు. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా లేవడు.

చెప్పిన రోజుకు తెరేసమ్మ గారు ఆటో దిగారు. మేరీమాతను చూసి మురిసిపోయారు. రెండో పటం మీద కాగితం తీశారో లేదో, మొహం పాలిపోయింది.

"అయ్యో అయ్యో! నా మనవరాలికి దండేశారేంటండీ! నిక్షేపంలాంటి పిల్లకి!"

ఆ పిల్ల వాళ్ల కృప. మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ గారు ఇచ్చే అప్పం, తీసుకున్న రోజు వాళ్ల గుడిలో తీసిన ఫోటో అది. మా ఆయన నీరుగారిపోయాడు.

"అమ్మా, మీ దేవతనుకున్నానండీ" అన్నాడు. పసిపిల్ల విషయంలో ఏ తల్లికైనా భయమే కదా.

ఇంతలో ఆటోలోంచి కృప దూకింది.

"ఎవరు దేవత? నేనా? అమ్మమ్మా, విన్నావా! పొద్దున్నేగా నన్ను దెయ్యమన్నావ్!"

తెరేసమ్మ గారికి ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది. మా ఆయన గబగబా వెనక మేకులు పీకి, దండ బయటికి తీసి, ఫోటో మళ్లీ బిగించాడు. దండను మాత్రం ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"కృష్ణలో కలిపేస్తానమ్మా."

"ఎందుకూ? ఫోటోకేగా వెయ్యకూడదు, నాకు వెయ్యండి!" అని కృప మెడ వంచింది.

మా ఆయన తెరేసమ్మ గారి వైపు చూశాడు.

"వెయ్యండి చౌడయ్య గారూ" అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ. "నిండు నూరేళ్లూ బతకమని దీవించి మరీ వెయ్యండి."

వేశాడు. నా మెడలో పూలదండ వేసిన నాడు కూడా ఆ చేతులు అంతలా వణకలేదు.