బోర్డు మీద హార్ట్ థెరపిస్ట్

నా స్నేహితురాలు ఏం పని చేసేదో ముంబై పక్కన మా భివండిలో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అర్థం కాకపోవడం మా ఊళ్లో అభిప్రాయాలకు ఎన్నడూ అడ్డు రాలేదు కనుక తలా ఒకటి చెప్పుకున్నారు. డ్రాయింగ్ టీచరని కొందరు, ఫారిన్‌లో ఏదో తప్పు చేసి తిరిగొచ్చిందని కొందరు. ఆమె పని ఆర్ట్ థెరపీ. నోటితో చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, చేతికి రంగులో మట్టో ఇచ్చి, ఆ బాధ కాస్త బయటికి వచ్చే దారి చూడడం. ఈ సంగతి ఆమె నాకు మూడుసార్లు వివరించింది. మూడుసార్లూ నా జవాబు ఒకటే. "మనోళ్లకు గట్లాంటి బాధలుండయే. ఉంటే గ్యాసు, లేకుంటే బీపీ."

మేమిద్దరం నిజాంపురాలో ఒకే చాల్‌లో, ఒంటి గదుల వరస ఇళ్లలో, పెరిగాం. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. మా నాన్నలిద్దరూ కరీంనగర్ వైపు నుంచి సాంచెల పనికి వచ్చినవాళ్లు. పవర్‌లూమ్‌ను మేము సాంచె అంటాం. ఆదివారం వాళ్లు చర్చికి పోయేవాళ్లు, శనివారం మేము గుడికి పోయేవాళ్లం, మిగతా రోజులు అందరం ఒకే నల్లా దగ్గర కొట్లాడుకునేవాళ్లం. ఆమె నర్సు చదివి ముంబై దాటింది, తర్వాత దేశమే దాటింది. నేపాల్, కెన్యా, జోర్డాన్, ఇంకా నేను పటంలో వెతుక్కోవలసి వచ్చిన చోట్లు. ఎక్కడో మధ్యలో ఈ కొత్త చదువు చదివింది. నేనేమో మేం చదివిన బడిలోనే టీచరునై, పాతికేళ్లుగా అదే బెంచీని చూస్తున్నాను. మా ఇద్దరిలో ఎవరికి నిలకడ ఎక్కువో చెప్పనక్కర్లేదు.

యాభై దాటాక ఆమె తిరిగి వచ్చింది. అన్ని దేశాలు తిరిగిన మనిషి దగ్గర కథలుంటాయన్న ఆశతో మొదటి ఆదివారమే భోజనానికి పిలిచాను.

"జోర్డాన్ల ఏం చూసినవే?"

"పేన్లు."

"ఏందీ?"

"తలల పేన్లే. శరణార్థుల క్యాంపుల పిల్లలందరికి ఉండె. నాకు గూడ పట్టినయ్."

కెన్యా గురించి అడిగితే, తానెక్కిన బస్సుకు కిటికీలు లేవంది. నా ప్రపంచయాత్ర అంతటితో ముగిసింది. ఆమె మాత్రం పప్పుచారు మూడోసారి పోసుకుంది.

నాగావ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మూతపడిన ఒక కార్ఖానా మీద గది తీసుకుంది. బోర్డు రాసే పెయింటరుకు 'ఆర్ట్ థెరపిస్ట్' అని చెబితే, పక్క కార్ఖానా మోతలో అతనికేం వినిపించిందో, మరాఠీలో ఎర్రగా 'హార్ట్ థెరపిస్ట్' అని రాసి, తన వంతుగా పక్కన ఒక గుండె బొమ్మ కూడా వేశాడు. మొదటివారమే ఇద్దరు ముసలాయనలు ఈసీజీ కాగితాలు పట్టుకుని మెట్లెక్కారు. ఒకాయన్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. రెండో ఆయన గుండె బాగానే ఉంది, ఇంట్లో పలకరించే మనిషే లేడు. ఆయన వారం వారం వచ్చి మట్టితో ఎడ్లు చేసి పోయేవాడు. తర్వాత తల్లులు వచ్చారు, "మా బిడ్డకు డ్రాయింగ్ పరీక్షల ఏ గ్రేడ్ పక్కానే కదా మేడం?" అంటూ. గణపతి మండపం వాళ్లు వెనక తెర మీద హిమాలయాలు వేసిపెట్టమన్నారు. నేపాల్‌లో ఉండి వచ్చిన మనిషికి అదెంత పని!

ఇక మా ఇంటి సంగతి. మా ఆయన జాబర్, అంటే చెడిపోయిన సాంచెలు బాగుచేసే మనిషి. ఆమె రావడానికి ఏడాది ముందు, ఆయన మరమ్మతు చేసి "చాలూ కర్" అని నడిపించిన సాంచె నుంచి నాడె ఎగిరింది. నాడె అంటే దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే కొయ్య. దాని రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. అది పక్క సాంచె మీద పనిచేసే మనిషికి తగిలి, అతని కన్ను పోయింది. మా ఆయన్ని అన్నా అని పిలిచేవాడతను, పండగలకు మా ఇంట్లో తిన్నవాడు. ఇది ఎవరి తప్పూ కాదని అందరూ అన్నారు. మా ఆయన మర్నాటి నుంచి కార్ఖానాకు పోలేదు, అతన్ని చూడడానికి ఆసుపత్రికీ పోలేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, మంచం మీద కూర్చునేవాడు.

నేను ఊరుకోలేదు, టీచర్ని కదా. "అయిందేదో అయింది," "ఎన్ని రోజులు గిట్ల?" "మొగోనివి, గట్టిగుండాలె." ఈ మూడు వాక్యాలనూ ఏడాదిపాటు మార్చి మార్చి వినిపించాను. ఆయనకు పాఠం ఎక్కలేదు. లోపం విద్యార్థిలోనే ఉందని తేల్చాను.

ఆదివారాలు భోజనానికి వచ్చే నా స్నేహితురాలు ఆయన్ని ఒక్క ప్రశ్నా అడిగేది కాదు. నాకు ఒళ్లు మండి ఒకరోజు వంటింట్లో నిలదీశాను.

"దేశదేశాలు తిరిగి చేస్తవ్, నా ఇంట్ల చెయ్యవా?"

"నువ్వు జర నోరు మూస్తే సగం పని అయితదే," అంది పళ్లెం కడుగుతూ. ఇవతలికి వచ్చి మా ఆయనతో, "బావా, నా గదిల బల్ల ఊగుతున్నది. జర చూసిపోరాదు?" అంది.

మర్నాడు ఆయన పానా పట్టుకుని వెళ్లాడు. బల్ల బాగుచేయడానికి పావుగంట చాలు. ఆయనకు నాలుగు నెలలు పట్టింది. వారానికి రెండుసార్లు పోయి, వేళ్లకు నల్లరంగు అంటించుకుని వచ్చేవాడు. నేను ఏమీ గమనించనట్టే హుందాగా ఉన్నాను. అంటే, రోజూ ఆమెకు ఫోన్ చేశాను.

"ఏం గీస్తున్నడే?"

"ఆయన్నే అడుగు."

"చెప్తలేడు."

"అయితే అది నీకు చెప్పేటిది కాదు. ఫోన్ పెట్టు."

నలభై ఏళ్ల స్నేహానికి దక్కిన మర్యాద అది.

ఒక ఆదివారం మా ఆయన చెప్పులు వేసుకుంటూ, "కాశేలి పోయొస్తా," అన్నాడు. కన్ను పోయిన మనిషి అక్కడొక గోదాములో వాచ్‌మన్‌గా చేరాడని మాకు తెలుసు. పిలవకపోయినా స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను.

అతను గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. మా ఆయన వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. అతనే తల ఎత్తి చూశాడు.

"ఏందన్నా, నాగావ్ నుంచి కాశేలి వచ్చేతందుకు ఏడాదిన్నర పట్టిందా? గంత ట్రాఫిక్ ఉన్నదా?"

మా ఆయన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. వెనక ఒక ట్రక్కు ఆగి హారన్ కొడుతోంది. అతను వచ్చి భుజం పట్టుకుని లేపాడు.

"లే అన్నా, సేఠ్ చూస్తే నా నౌక్రీ పోతది. నాడె తగిలినందుకు నీ మీద నాకు కోపం లేదు. నువ్వు రాలేదని కోపం."

ముగ్గురం చాయ్ తాగాం. డబ్బులు నేనిచ్చాను. ఆ పూట నా సాయం అంతే.

ఇదంతా చెబితే నా స్నేహితురాలు పొంగిపోతుందనుకున్నాను. అంతా విని, "బల్ల ఇంక ఊగుతనే ఉన్నది. నీ మొగడు నిజంగ జాబరేనా?" అంది.

నెల తిరక్కుండా ఆయన వేరే కార్ఖానాలో చేరాడు. నాడె ఎగిరినా మనిషికి తగలకుండా అడ్డం జాలీ బిగిస్తే తప్ప ఏ సాంచెనూ చాలూ చేయనివ్వడు. అక్కడి సేఠ్ రోజూ విసుక్కుంటాడు, రోజూ ఒప్పుకుంటాడు.

రెండేళ్ల తర్వాత ఆమెకు కడుపులో క్యాన్సర్ అని తేలింది. ఠాణే ఆసుపత్రిలో చేరితే నేను రంగుల డబ్బా, కాగితాలు తీసుకుపోయాను. ఆమె దగ్గరే నేర్చిన మెత్తటి గొంతుతో, "నోటితోని చెప్పరానిది ఉంటే గియ్యవే," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నాకు నోరు మంచిగనే ఉన్నది. చావాలంటే కోపమస్తున్నది, భయమైతున్నది. సరిపోయిందా? ఆ డబ్బా తీసేసి, చింతకాయ తొక్కు తెచ్చిపెట్టు."

డాక్టరు వద్దన్నాడు. మర్నాడు చిన్న స్టీలు గిన్నెలో దాచి తెచ్చాను. వేలి కొసతో కాస్త నాకి, కళ్లు మూసుకుంది.

"ఏ దేశంల దొరకలేదే గిది," అంది.

మరుసటి నెలలో పోయింది.

చర్చిలో పాస్టరు గారు ఆమె తిరిగిన దేశాలన్నీ చదువుతూ కెన్యాను అరబ్బు దేశాల్లో కలిపేశారు. తర్వాత మాట్లాడవలసింది నేను. తప్పుల్లేకుండా నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. నన్ను పిలిచేలోపే మా ఆయన లేచి నిలబడ్డాడు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదాయన.

"అందరు నన్ను బాధపడకు అన్నరు," అన్నాడు. "ఆమె ఒక్కసారి గూడ అనలేదు. గందుకే మళ్ల మళ్ల పోయిన."

అని కూర్చున్నాడు. కాశేలి నుంచి వచ్చిన ఆ మనిషి పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు. పాస్టరు గారు నా పేరు పిలిచారు. నేను లేచి, మా ఆయన చెప్పింది చాలని చెప్పి, మళ్లీ కూర్చున్నాను.