కొండెక్కినాను

నిన్న మా మునిమనవరాలు ఫోనులో ఏదో దేశపు అగ్నిపర్వతం చూపించింది. కొన్నేళ్ల కిందట నిప్పులు కక్కిందట, ఇప్పుడు ఆ నల్లటి నేలంతా గడ్డి మొలిచింది. "ఎంత బాగుందో చూడు!" అంది. చూడలేక కళ్లద్దాలు తీసేశాను.

మా చంద్రగిరిలో కొండ అంటే వెంకన్న కొండే. ఏ కొండ అని అడిగినవాణ్ని ఎగాదిగా చూస్తారు. మా చిన్నాయన పటాలంలో లారీ తోలడానికి పోయి, యుద్ధంలో ఇటలీ చేరాడు. ఆ సంగతి మాకు అప్పట్లో తెలియదు. ఉన్న చోటు ఉత్తరంలో రాయకూడదట, రాస్తే పైవాళ్లు నల్లసిరా పూసేవారు. ఆ ఏడు వచ్చిన ఉత్తరం సగానికి పైగా సిరా మయమే. మా నాయనకు వేలిముద్రే గతి. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అదీ మూడో తరగతి. గొంతు సవరించుకుని మరీ చదివాను: "అమ్మా, రెండు దినాలు సెలవిచ్చినారు. కొండెక్కినాను. కాళ్లు కాలినాయి. నిన్నే తలుచుకున్నాను."

చేటలో బియ్యం ఏరుతున్న మా అవ్వ, ఆయన తల్లి, చెయ్యి ఆపింది. "యా కొండ పాపా?" అంది. చంద్రగిరిలో ఎవరూ అడగని ప్రశ్న అది. కన్నతల్లి కాబట్టి అడిగింది. తెలియదని చెబితే సరిపోయేది. నాకేమో చదువుకున్నానన్న పొగరు.

"యా కొండేందవ్వా, మన కొండే!" అన్నాను.

"ఈడిదాకా వచ్చి తల్లి మొగం సూడకుండా పోయినాడా?" అంది. ఏడవలేదు. తర్వాత వచ్చిన ఉత్తరాలు విప్పనివ్వలేదు, జవాబు రాయనివ్వలేదు. యుద్ధం ముగిసేలోపే జ్వరమొచ్చి పోయింది. చివరి రోజున మా నాయన తమ్ముడి పేరెత్తితే గోడవైపు తిరిగి పడుకుంది.

చిన్నాయన తిరిగొచ్చాక పెట్టెలోంచి చిల్లులు పడిన నల్లరాయి తీశాడు. "నిప్పులు కక్కిన కొండది పాపా. బూట్లున్నా కాళ్లు కాలినాయి. ఆ బూడిదలోనే రెండాకుల మొలక సూసినా. అమ్మకు ధైర్యంగా ఉంటాదని అదంతా రాసినా. సదివినావు కదా?"

మొలక మీద సిరా పూసేశారని చెప్పాను.

"మరి ఏం మిగిలినాది?"

"కొండెక్కినానని."

చంద్రగిరి మనిషి, విడమరిచి చెప్పే పని లేకపోయింది. రాయి మళ్లీ పెట్టెలో పెట్టి, "యా కొండని అమ్మ అడగనేలేదా?" అన్నాడు.

"అడగలేదు" అన్నాను.

ఆయన పోయేదాకా అదే నమ్మాడు. కాలిన కొండ కొన్నేళ్లకే పచ్చబడిందట. నేనాడిన ఆ ఒక్క మాట మీద ఎనభై ఏళ్లయినా గడ్డిపోచ మొలవలేదు.