అమ్మవారు బ్యాటరీ కోసం ఆగిన రోజు

మొన్న మా వీధిలో తమిళుల ఆడి నెల జాతర మైకు గొంతు విప్పింది. కిటికీ మూసేసి, మూఢనమ్మకాల మీద ఘాటుగా ఒక వ్యాసం మొదలుపెట్టాను. మొదటి వాక్యం దగ్గరే వసంతగారు గుర్తొచ్చి కలం ఆగింది.

తొంభైలలో ఆమె కోడంబాక్కం స్టూడియోల్లో ఎడిటింగ్ అసిస్టెంటు. గుంటూరు మనిషి. ఆదివారాలు అరువు వీడియో కెమెరా భుజాన వేసుకుని బస్సులో వాషర్‌మెన్‌పేటకు వచ్చేవారు. తరతరాలుగా అక్కడే ఉన్న మా తెలుగు కుర్రకారుకు, మా వీధి కథలు మేమే సినిమాలుగా తీసుకోవడం నేర్పేవారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. దేవుడు లేడని టీ కొట్టు దగ్గర రోజూ నిరూపించేవాణ్ణి. కొట్టాయన అంతా విని, దేవుడి పటానికి హారతి ఇచ్చేవాడు. ఏటా ఆడి నెలలో మా వీధి మునెమ్మక్కకు అమ్మవారు పూనేది. ఆ బండారం బయటపెట్టడానికే నా సినిమా. షూటింగుకు ముందే వ్యాఖ్యానమంతా రాసేశాను. వసంతగారు చదివి, "సినిమా అయిపోయిందిగా నాయనా, ఇంక కెమెరా మోయడం దేనికి?" అన్నారు.

ఆ ఆదివారం మునెమ్మక్క జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగుతోంది. కెమెరాలో ఎర్ర దీపం మిణుకుమంది. "అయ్యో, బ్యాటరీ అయిపోతా ఉంది!" అని అరిచాను. అమ్మవారు ఠక్కున ఆగి, "సీక్రం మార్చుకోప్పా, నిలబడతా" అంది. అదీ కెమెరాలో పడింది!

"లోకాన్నేలే తల్లి బ్యాటరీ కోసం ఆగింది! ఇంతకన్నా రుజువేం కావాలి?" అని గంతులేశాను. "ముందు ఆవిడకి చూపించు. సినిమాలో ఉన్న మనిషి చూడనిదే వీధికి చూపించం" అన్నారు వసంతగారు.

చూసి మునెమ్మక్క పకపకా నవ్వింది. తర్వాత మెల్లగా, "ఇది చూస్తే నా మాట ఎవురు వింటారప్పా?" అంది.

"ఏ మాట?"

"నీళ్ల లారీ కాడ బిందెల వరస. చంటిబిడ్డ తల్లి ముందర, రౌడీ పెండ్లాం ఎనక. మునెమ్మ చెప్తే జుట్టు పట్టుకుంటారు. అమ్మోరు చెప్తే ఏడాదంతా వింటారు. మీయమ్మకు కాలు నొప్పని ఆమె బిందె మూడోది పెట్టించినా, తెలుసునా?"

నా వ్యాఖ్యానంలో మా అమ్మ బిందె లేదు. "అయితే ఆ ముక్క తీసేయనా అక్కా?" అన్నాను. ఆమె ముక్కాలిపీట ముందుకు లాక్కుంది. "ఈ బిందెల మాట కూడా పెడతావా? అట్లయితే చూపించు." ఈసారి ఊగకుండా, దానిమీద కూర్చుని కెమెరాకు చెప్పింది.

అద్దె టీవీలో చూసి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాకు మాత్రం ఇక ఆమె మాట ఎవరూ వినరేమోనని బెంగ. మర్నాడు లారీ దగ్గరికి పరుగెత్తాను. అనుకున్నట్టే ఒకావిడ బిందెతో తోసుకుంటూ ముందుకొచ్చింది. వరసలోంచి ఓ ముసలామె కసిరింది: "అమ్మోరే బ్యాటరీకి నిలబడింది, నువ్వు నీళ్లకు నిలబడలేవా? పో ఎనక్కి!"

ఆవిడ వెనక్కి పోయింది.

దేవుడు లేడనే ఇప్పటికీ రాస్తున్నాను. అందులో రాజీ లేదు. కానీ ఒక మనిషి గురించి రాస్తే, ముందు ఆ మనిషి ఇంటికెళ్లి చదివి వినిపిస్తాను. చాలా వ్యాసాలు ఆ గుమ్మంలోనే చచ్చాయి. బతికి బయటపడ్డవాటికి మాత్రం జవాబు చెప్పగలిగినవాడు ఇంకా దొరకలేదు.